మూడు వందల ఎనభై ఏడో ట్యూబు

సోమవారం, గురువారం పొద్దున తొమ్మిదింటికి సుగంధి తన రక్తం తానే తీసుకునేది. ఎడమ జబ్బకు రబ్బరు గొట్టం చుట్టి, దాని కొసను పళ్ళతో బిగించి పట్టుకుని, కుడిచేత్తో సూది గుచ్చుకునేది. చూసేవాళ్ళు మొహం తిప్పుకునేవాళ్ళు గానీ ఆమెకు అది వాకిలి ఊడ్చినంత మామూలు పని. చిన్నప్పుడు బళ్ళో టీకాలవాళ్ళు వస్తే బెంచీ కింద దూరిన పిల్ల ఈమేనంటే ఎవరూ నమ్మరు.

ఆ రక్తం మిషను కోసం. పుదుచ్చేరిలో ఒక ఆసుపత్రి వెనక, మేడ మీద రెండు గదుల ల్యాబులో సుగంధి టెక్నీషియన్. అక్కడి మిషను రక్తంలోని కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. రోగుల రక్తం పెట్టే ముందు జబ్బులేని మనిషి రక్తం పెట్టి, మిషను బుద్ధిగా ఉందో లేదో చూసుకోవాలి. వారానికి రెండుసార్లు జబ్బులేని మనిషిని ఎవరు వెతికి తెస్తారు? అందుకని రిజిస్టరులో మొదటి గీత మీద ఎప్పుడూ సుగంధి రక్తమే. ఏడేళ్ళుగా అంతే. ఆ ఇంక్రిమెంట్లు లేని ఉద్యోగంలో ఆమెకు దొరికిన మొదటి స్థానం అదొక్కటే అని తనే నవ్వేది.

అక్కడికి వచ్చే ట్యూబులన్నీ హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళవి. వాళ్ళ ఒంట్లో సహాయక కణాలు ఎన్ని మిగిలాయో చెప్పాలి. ఇది రెండువేల ఆరు నాటి మాట. ఆ లెక్క రెండు వందల కిందికి దిగితే మందులు మొదలుపెట్టేవాళ్ళు, బాగా పైన ఉంటే ఆరు నెలలకు మళ్ళీ రమ్మనేవాళ్ళు. సీసాల్లో మాత్రలు నిండుగా ఉన్నా, ఈ అంకె వస్తేగాని మూత తెరుచుకోదు.

ఆ కణాలను మైక్రోస్కోపులో చూసి పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. అన్నీ గుండ్రంగా, అన్నీ నీలంగా, అన్నీ ఒక్క తీరుగానే ఉంటాయి. ఇది సాయం చేసేది, ఇది చంపేది అని బ్రహ్మదేవుడు దిగివచ్చినా చెప్పలేడు. కానీ కణం ఒంటి పైన దాని జాతి గుర్తు ఉంటుంది. ఆ గుర్తును మాత్రమే పట్టుకుని అతుక్కునే యాంటీబాడీలను తయారుచేసి, మెరిసే రంగు తగిలించి, బొటనవేలంత సీసాల్లో అమ్ముతారు. మోనోక్లోనల్ అంటారు వాటిని. ఒకే కణం సంతతి నుంచి పుట్టినవి కాబట్టి అన్నీ ఒక్కలాగే ఉంటాయి, అన్నీ ఒక్క గుర్తునే ఎరుగుతాయి. పక్క గుర్తు ఎదురొచ్చినా పలకరించవు. గుర్తులకు నంబర్లున్నాయి. టి-కణాలన్నిటికీ మూడు, వాటిలో సాయం చేసేవాటికి నాలుగు, చంపేవాటికి ఎనిమిది. మన కథకు ఈ మూడు నంబర్లు చాలు.

సుగంధి వాళ్ళది ఒర్లియంపేట. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఎన్నో తరాల కిందట ఏ రాజు వెంటో, ఏ పంట కోసమో వచ్చినవాళ్ళు. ఆ రాజు పేరు ఇప్పుడు ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలుగు అక్షరం ఎవరికీ రాదు, మాట మాత్రం పోలేదు. తండ్రి బాలకృష్ణన్ బియ్యం మండీలో గుమాస్తా. తల్లి సౌభాగ్యం ఆయనకు సొంత అక్క కూతురు. మేనమామను చేసుకోవడం ఆ ఇళ్ళలో మంచినీళ్ళు తాగినంత సహజం.

ఆ ఇద్దరికీ ఇద్దరు కూతుళ్ళు. పెద్దది నిర్మల, సుగంధి కంటే ఆరేళ్ళు పెద్ద. టీకాల రోజు తన క్లాసు వదిలిపెట్టి వచ్చి, చెల్లెలితోపాటు బెంచీ కింద దూరి, "నా మొగం చూడు, సూదిని చూడాకు" అని గడ్డం పట్టుకున్నది ఆమే. పలక మీద అరవ అక్షరాలు దిద్దించిందీ ఆమే. 'ళ' రాసేటప్పుడు చివర కొంచెం పైకి తిప్పడం నిర్మల అలవాటు, సుగంధికీ అదే వచ్చింది. పాలు కాచిన గిన్నె అడుగు గోకి, దానిమీద చక్కెర చల్లి, పెద్ద ముద్ద చెల్లెలికిచ్చి, గిన్నెకు అంటుకున్నది తాను నాకేది. ఆ రుచి మళ్ళీ సుగంధి ఎంత పాలు కాచినా రాలేదు.

తొంభై ఒకటిలో నిర్మల ఊరి శివార్లలోని మేట్టుపాళయంలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగు పనికి పోయేది. అక్కడ మిషన్లు బాగుచేసే ఒకతన్ని ఇష్టపడింది. కులం వేరు, దేవుడు వేరు. ఒక శనివారం పనికని పోయిన మనిషి తిరిగి రాలేదు. మూడోరోజు బాలకృష్ణన్ తలకు పోసుకుని, రేషన్ కార్డు పట్టుకుని ఆఫీసుకు పోయి, పెద్దకూతురి పేరు కొట్టేయించుకుని వచ్చాడు. "ఇంక నాకు ఒగే కూతురు. ఎవరడిగినా అంతే చెప్పల్ల," అన్నాడు. సౌభాగ్యం లోపలికి పోయింది. పదిహేడేళ్ళ సుగంధి తల ఊపింది. ఆ తల ఊపినందుకు తర్వాత ఎన్ని రాత్రులు తలగడ తడిసిందో చెప్పడానికి ఇక్కడ చోటు చాలదు.

తండ్రి పోయి అయిదేళ్ళయినా ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. నిర్మల ఎక్కడుందో తెలియదు. కొందరు కడలూరన్నారు, కొందరు మద్రాసన్నారు. అడగడానికి ఎవరి దగ్గరా మొహం చెల్లలేదు. సుగంధికి పెళ్ళి కుదరలేదు, కుదరనందుకు ఆమెకు పెద్ద దిగులూ లేదు. దిగులంతా ఒక్కచోటే ఉండేది. నెలకోసారి పని లేకపోయినా మేట్టుపాళయం వైపు సైకిలు తొక్కేది. సాయంత్రం ఫ్యాక్టరీ గేట్లు తెరిచే వేళకు ఎదురుగా టీ కొట్టు దగ్గర ఆగి, గొలుసు జారినట్టు కిందికి వంగి, వచ్చే ఆడవాళ్ళ మొహాలన్నీ చూసేది. మొహం ఎలా మారి ఉంటుందో ఊహించుకుంటూ చూసేది. తర్వాత స్కూటీ కొనుక్కుంది. దానికి జారే గొలుసు లేదు కాబట్టి ఉత్తినే ఆగి చూసేది.

ఆ ఏడాది అరవవాళ్ళ ఆవణి నెలలో, ఆగస్టు చివర, ల్యాబుకు ఎప్పుడూ వచ్చే నాలుగో నంబరు సీసాలు రాలేదు. టెండరు మారింది, ఇంకో కంపెనీ సీసాలొచ్చాయి. గుర్తు అదే, నాలుగే. కాకపోతే ఆ గుర్తులో పాత యాంటీబాడీ ఒక మూలను పట్టుకుంటే, కొత్తది ఇంకో మూలను పట్టుకుంటుంది. సుగంధి అలవాటు ప్రకారం తన రక్తాన్ని పాతదానితోనూ కొత్తదానితోనూ పెట్టి చూసింది. పాతదానితో ఆమె సహాయక కణాలు తెర మీద ఎప్పటి చోటే, కుడివైపు, వెలుగుతూ కుప్పపడ్డాయి. కొత్తదానితో ఆ కుప్ప వెలుగు తగ్గి సగం దూరంలోనే ఆగిపోయింది. మూడుసార్లు చేసినా అదే.

ల్యాబు పెద్ద రంగనాథన్ డాక్టరు వచ్చి చూశారు. నెమ్మదైన మనిషి, తొందరలో ఉన్నా పాఠం చెప్పకుండా ఉండలేరు. ఆసుపత్రిలో మాటలన్నీ అరవంలోనే, మనం తెలుగులో చెప్పుకుందాం.

"నీకు జబ్బేం లేదమ్మా, భయపడకు. కొందరికి ఆ గుర్తులో ఆ మూల కొంచెం మారి ఉంటుంది. కణం బాగానే ఉంటుంది, పని బాగానే చేస్తుంది, ఈ ఒక్క యాంటీబాడీ కళ్ళకు మాత్రం ఆనదు. వంశంలో వచ్చేదిది. అమ్మ నుంచో నాన్న నుంచో ఒకవైపే వస్తే నీలాగా సగం వెలుగు. రెండువైపుల నుంచీ వస్తే అసలు వెలగదు, సున్నా. చాలా అరుదు. మీ అమ్మానాన్నలది దగ్గర సంబంధమా?"

"మేనమామే సార్."

"అయితే అమ్మకూ నాన్నకూ ఇద్దరికీ ఉండొచ్చు. తోబుట్టువులున్నారా? వాళ్ళది చూస్తే తెలిసిపోతుంది."

"లేరు సార్. నేనొక్కదాన్నే," అంది సుగంధి.

తడుముకోకుండా వచ్చింది మాట. పదిహేనేళ్ళుగా రేషన్ షాపులోనూ, ఉద్యోగం దరఖాస్తులోనూ, పక్కింటివాళ్ళకూ చెప్పి చెప్పి నున్నగా అరిగిపోయిన మాట. డాక్టరు తల ఊపి వెళ్ళిపోయారు. సుగంధి తెర మీది తన రెండు పటాలూ అచ్చుతీసి రిజిస్టరులో అంటించి, చేతులు కడుక్కుని, కడుక్కున్న చేతులే ఇంకోసారి కడుక్కుంది.

పాత సీసాలో అడుగున నాలుగు బొట్లు మిగిలాయి. వాటిని ఆమె పారెయ్యలేదు. అనుమానం వచ్చినప్పుడు పనికొస్తాయని ఫ్రిజ్‌లో వెనక్కి పెట్టింది. టెక్నీషియన్లందరికీ ఉండే పిసినారితనమే అది, అంతకంటే ఏమీ లేదు.

మరుసటి నెల, పురట్టాసిలో, ఒక గురువారం పద్దెనిమిది ట్యూబులొచ్చాయి. ట్యూబుల మీద పేర్లుండవు. నంబరు, వయసు, ఆడో మగో, అంతే. పేర్లు కింద రోగులతో మాట్లాడే కౌన్సెలరు కన్నియమ్మాళ్ దగ్గర బీరువాలో తాళం వేసి ఉంటాయి. ల్యాబువాళ్ళు పేరు అడగకూడదు, కింద బెంచీల దగ్గరికి పోయి ఎవరు ఎవరని చూడకూడదు. సుగంధి ఆ నియమాన్ని ఒక్కరోజు కూడా మీరలేదు.

పదకొండో ట్యూబు నంబరు మూడు వందల ఎనభై ఏడు. ఆడమనిషి, ముప్ఫై ఎనిమిదేళ్ళు, మొదటిసారి. తెర మీద చుక్కలు పడటం మొదలైంది. మూడో గుర్తు ఉన్నవి వెయ్యిన్ని పది. ఎనిమిదో గుర్తు ఉన్నవి అయిదు వందల అరవై. నాలుగో గుర్తు ఉన్నవి సున్నా.

అంతగా పడిపోయినవాళ్ళను సుగంధి చూడకపోయినా వాళ్ళ కాగితాలు చూసింది. స్ట్రెచరు మీద వస్తారు, జ్వరం, నోట్లో పుండ్లు అని రాసి ఉంటుంది. ఈ కాగితం మీద మాత్రం 'నడిచి వచ్చారు, జ్వరం లేదు, పని చేసుకుంటున్నారు' అని ఉంది. ఆమె మళ్ళీ తెర చూసింది. వెయ్యిన్ని పదిలో అయిదు వందల అరవై తీసేస్తే నాలుగు వందల యాభై మిగలాలి. మిగిలాయి కూడా. ఎడమవైపు చీకట్లో, ఏ గుర్తూ అంటని గుంపుగా ఉన్నాయి. జబ్బు తినేసిన కణాలు అలా గుంపు కట్టుకుని కూర్చోవు, అవి అసలు ఉండవు. ఇవి ఉన్నాయి. కొత్త సీసాకు వీటిని గుర్తుపట్టడం రావడంలేదు, అంతే.

అది అర్థమైన మరుక్షణం సుగంధి స్టూలు లాక్కుని కూర్చుంది. కొత్త సీసా వచ్చాక రెండు వందల ట్యూబులు పెట్టింది. సగం వెలుగు తనది ఒక్కటే. సున్నా ఇదొక్కటే. రెండువైపుల నుంచీ వస్తే సున్నా. ముప్ఫై ఎనిమిదేళ్ళు. అక్క పుట్టిన ఆడి నెల వచ్చినప్పుడల్లా ఆమె మనసులో లెక్కపెట్టుకునే వయసు అది.

కావచ్చు, కాకపోవచ్చు. మేనరికాలు చేసుకునే ఇళ్ళు ఈ చుట్టుపక్కల నూరున్నాయి, ఇంకెవరైనా కావచ్చు. అలా తనకు తాను చెప్పుకుంటూనే ఆ ట్యూబును ర్యాకులోంచి తీసి అరచేతిలో పెట్టుకుంది. అరచెంచాడు రక్తం. పదిహేనేళ్ళలో అక్కకు ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు.

రంగనాథన్ డాక్టరు మీటింగుకు పోతూ తలుపు దగ్గర ఆగి, అంకెల కాగితం చూశారు. "సున్నానా? ఎక్కడో తేడా ఉంది. రిపీట్ తీసుకో. ఆమె కిందే ఉంటుంది, పోనివ్వకు," అని వెళ్ళిపోయారు.

రిపీట్ అంటే ఆ ల్యాబులో ఒక పద్ధతి ఉంది. కిందటేడు ఒకసారి రెండు ట్యూబులు తారుమారయ్యాయి. అప్పటి నుంచి రెండోసారి రక్తం తీయాల్సివస్తే కిందివాళ్ళు తీయకూడదు, టెక్నీషియన్ స్వయంగా దిగిపోయి, మనిషిని చూసి, నంబరు సరిచూసి తీయాలి. సుగంధి ఏ నియమమూ తప్పనక్కర్లేదు. నియమమే ఆమెను చెయ్యి పట్టుకుని కిందికి తీసుకుపోతోంది. డాక్టరే చెప్పారు. పోవడమే ఆమె పని.

రబ్బరు గొట్టం, సూది, కొత్త ట్యూబు తీసుకుని బయలుదేరింది. ఆ మెట్లు ఇరవై రెండు. ఎనిమిదో మెట్టు దిగేసరికి కింద బెంచీ కొస కనబడింది. పై అంతస్తు గోడ అడ్డం కావడంతో మనుషులు నడుము దాకా కూడా కనబడలేదు, పాదాలే కనబడ్డాయి. కొసన కూర్చున్నామె కాళ్ళకు అరిగిన రబ్బరు చెప్పులు. మడమలు పగిలి ఉన్నాయి. కాళ్ళ పక్కన గుడ్డసంచి. అక్క పాదాలు ఎలా ఉండేవో సుగంధి గుర్తు తెచ్చుకోబోయింది, రాలేదు. మొహం గుర్తుంది, చేతులు గుర్తున్నాయి, పాదాలను మనిషి ఎప్పుడు చూసి పెట్టుకుంటాడు? ఇంకో నాలుగు మెట్లు దిగితే చీర తెలుస్తుంది, ఆరు దిగితే మొహం తెలుస్తుంది. దిగాలని ఆమె ప్రాణం కొట్టుకులాడింది. అక్కా అని పిలవకపోయినా ఫర్వాలేదు, చెయ్యి పట్టుకుని, సూది పెట్టి, నా మొగం చూడు అంటే చాలు.

అప్పుడు ఆమెకు ఇంకొకతను గుర్తొచ్చాడు. రెండేళ్ళ కిందట రక్తం ఇవ్వడానికి వచ్చి, ఇదే బెంచీ మీద కూర్చుని, వార్డులో పనిచేసే తన వీధివాణ్ణి చూశాడు. తువ్వాలు మొహానికి కప్పుకుని లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. కన్నియమ్మాళ్ మూడుసార్లు మనిషిని పంపింది. నాలుగోసారి పోయిన మనిషి, అతను పోయాడన్న కబురు తెచ్చాడు. ఈ జబ్బున్నవాళ్ళకు ముక్కూ మొహం తెలియనివాళ్ళే దేవుళ్ళు. ఆ బెంచీ కొసనున్నది నిర్మలే అయితే, తల ఎత్తి చెల్లెల్ని చూస్తే, చెల్లెలి చేతిలో తన నంబరు చూస్తే, ఇంక ఈ ఆసుపత్రి గడప తొక్కదు. ఇవాళ ఆ మొహం చూడ్డానికి ఆరిన గొంతు, రేపు ఆమె మందులు లేకుండా పోతే ఏం తాగి తడుపుకుంటుంది?

పైగా రెండోసారి సూది అంటే మామూలు మాట కాదు. ఎందుకని అడుగుతుంది. అంకె సరిగ్గా రాలేదంటారు. ఆ అరగంట ఆమె ఎలా కూర్చుంటుంది? పైన పాత సీసాలో నాలుగు బొట్లు పెట్టుకుని తాను ఆ అరగంటను ఆమె నెత్తిన పెట్టడమా?

సుగంధి ఎనిమిదో మెట్టు మీద ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. ఆ పాదాల్లో ఒకటి రెండోదాని మీదికి ఎక్కి, బొటనవేలితో మడమ గోక్కుంది. అది చూసి, ఇవాళ్టికి తనకు దొరికింది అంతే అనుకుని, ఆమె వెనక్కి తిరిగి మెట్లెక్కింది. ఎక్కేటప్పుడు ఏడ్చింది. ఏడుపని చెప్పుకోవడానికి సిగ్గేముంది, ఎవరికైనా వస్తుంది.

పాత సీసా తీసి, గిరగిరా తిప్పే మిషనులో పెట్టి, మూతకూ గోడకూ అంటుకున్నదంతా అడుక్కి దింపింది. గడువింకా పదకొండు రోజులుంది. ఉన్న బొట్లు రెండు పరీక్షలకు సరిగ్గా సరిపోయాయి. ఒకటి తన రక్తానికి, సీసా బాగుందని రుజువుకు. రెండోది మూడు వందల ఎనభై ఏడుకు. చీకట్లో ఇరవై నిమిషాలు ఉంచి, మిషను ఎక్కించి, తెర ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎడమవైపు చీకట్లో ఉన్న గుంపు ఈసారి కుడివైపున, ఎక్కడ ఉండాలో అక్కడ, కుప్పగా వెలిగింది. నాలుగు వందల పన్నెండు. తగ్గిన కొద్దివి నాలుగూ ఎనిమిదీ రెండూ లేని కణాలు, అవి ఎవరికైనా ఉంటాయి.

మందులు ఇప్పుడే అక్కర్లేదు. ఆరు నెలలు ధైర్యంగా తిరగొచ్చు.

మీటింగు నుంచి వచ్చిన డాక్టరు రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూసి, చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. "రిపీట్ లేకుండానే పట్టేశావే! నేను తొందరపడ్డాను," అన్నారు. "ఆమెకొక కార్డు రాసివ్వు. ఎప్పుడైనా ఎక్కడైనా పరీక్ష చేయించుకుంటే ముందు ఆ కార్డు చూపించాలి, లేకపోతే ఇంకో ఊళ్ళో ఎవరో సున్నా అని చెప్పి గుండె ఆపేస్తారు. తోబుట్టువులుంటే వాళ్ళకూ చెప్పమను. ఉన్నారో లేరో కన్నియమ్మాళ్‌ను అడిగి రాయమను."

సుగంధి కార్డు రాసింది. డాక్టర్ల కోసం ఇంగ్లీషులో రెండు వరుసలు. దానికింద రోగికి అర్థమయ్యేలా అరవంలో: 'మీ కణాలు ఉన్నాయి. ఒక రకం మందుకు కనబడవు, అంతే. భయపడవద్దు.' ఇంకేమీ రాయడానికి ఆమెకు హక్కు లేదు. ఆ మూడు వాక్యాలనే మూడు కార్డులు పాడుచేసి, నాలుగోదాని మీద గుండ్రంగా, నిదానంగా రాసింది. 'ళ' వచ్చినచోటల్లా చివర ఎప్పటిలాగే కొంచెం పైకి తిరిగింది. కవరులో పెట్టి కిందికి పంపించి, మిగిలిన ఏడు ట్యూబులూ పూర్తిచేసింది.

నాలుగింటికి కన్నియమ్మాళ్ కాగితాలు పట్టుకుని ఆయాసపడుతూ పైకి వచ్చింది. యాభై దాటిన మనిషి, రోజంతా ఎదుటివాళ్ళ ఏడుపులు వినే ఉద్యోగం, అయినా కబుర్లాపదు.

"నీ మూడు వందల ఎనభై ఏడు వెళ్ళిపోయిందమ్మా. మీలాగా తెలుగే అనుకుంటా. అంకె చెప్పగానే అరవం మరిచిపోయి 'నన్నూట పన్నెండు, నన్నూట పన్నెండు' అనుకుంటూ కళ్ళొత్తుకుంది. కార్డు ఇచ్చానా, చదివింది, మళ్ళీ చదివింది. అక్షరాల మీద వేలు ఆడించింది. ఇది రాసిందెవరని అడిగింది. పైన ల్యాబులో ఒకమ్మాయి అన్నాను. పేరు చెప్పలేదులే, మనకు కూడదు కదా."

"ఆమె ఏమంది?"

"కార్డును సంచిలో పెట్టుకోకుండా రవికలో దోపుకుంది. డాక్టరు అడగమన్నది అడిగాను, అన్నాదమ్ములూ అక్కాచెల్లెళ్ళూ ఉన్నారా అని. మెట్లవైపు చూస్తూ చప్పున 'లేరు, నేనొక్కదాన్నే' అంది." కన్నియమ్మాళ్ కాగితం బల్లమీద పెట్టింది. "అందరూ అలాగే అంటారమ్మా. ఎవరూ లేనివాళ్ళు కాసేపు ఆలోచించి చెప్తారు. ఉన్నవాళ్ళు చప్పున లేరంటారు. తమ మచ్చ వాళ్ళకు తగలకూడదని. రాసుకో, తోబుట్టువులు లేరు."

సుగంధి రిజిస్టరు తెరిచి, మూడు వందల ఎనభై ఏడుకు ఎదురుగా రాసింది. లేరు. సరిగ్గా నెల కిందట డాక్టరుకు తాను చెప్పిన మాటే, అక్షరం తేడా లేదు. తాను తండ్రికి భయపడి చెప్పింది. అక్క చెల్లెలి మీద ప్రేమకొద్దీ చెప్పింది. ఇద్దరిలో ఎవరి అబద్ధం గొప్పదో సుగంధికి అడక్కుండానే తెలిసింది. ఆ చిన్న మాట మీద తడి పడకుండా రిజిస్టరును పక్కకు జరుపుకుంది.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. సౌభాగ్యం వాకిట్లో చాప వేసుకుని మునగాకు దూస్తోంది. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, చూపు సన్నగిల్లినా కూతురి నడకలో తేడా వాకిట్లోనే పట్టేసింది.

"ఏంది పాపా, మొగం అట్లుండాది? కాపీ పెట్టేదా?"

సుగంధి చెప్పులు విడిచి తల్లి పక్కన చాప మీద కూర్చుంది. ఒక రెమ్మ అందుకుంది. ఉద్యోగంలో చేరిననాడు సంతకం పెట్టిన కాగితం గుర్తుంది. ఏడేళ్ళలో ఆ ల్యాబు మాట ఒక్కటి కూడా గడప లోపలికి తేలేదు. ఇవాళ తెచ్చింది, రెండు మాటల మేరకు.

"మా. అక్క బాగుండాది."

సౌభాగ్యం చేతిలో రెమ్మ ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆ మాట వినబడి పదిహేనేళ్ళయింది. ఆమె వీధివైపు ఒకసారి చూసింది, ఎవరూ లేరు.

"చూస్తివా?"

"లేదు మా."

"మాట్లాడితివా?"

"లేదు."

"మల్ల నీకెట్ల తెలిసె? యాడుండాది?"

"అడగాకు మా. నేను చెప్పకూడదు. బాగుండాది, అంతే."

సౌభాగ్యం మునగాకు దూస్తూనే ఉంది, కానీ ఆకు చాటలో పడకుండా ఒళ్ళో పడుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"అన్నం తింటా ఉండాదంట్నా?"

సుగంధి తల ఊపింది. తల్లికి అది సరిగా కనబడదని గుర్తొచ్చి, "తింటా ఉండాది మా, ఒళ్ళు గెట్టిగానే ఉండాది," అంది.

"మల్ల యెప్పుడు తెలుస్తాది నీకు?"

"ఆరు నెలలకి."

సౌభాగ్యం పచ్చటి వేళ్ళను చీరకు తుడుచుకుని, బొటనవేలితో కణుపులు లెక్కపెట్టింది. ఐప్పసి, కార్తిగై, మార్గళి, తై, మాసి. ఆరో కణుపు దగ్గర వేలు అలాగే అదిమిపెట్టి ఉంచింది.

"పంగుణి," అంది. "సెరి. అందాకా ఉంటాలే."